ఎక్స్-మెన్ సినిమాల్లో ఏది ముందు, ఏది వెనక?

ప్రశ్న: మా తమ్ముడూ నేనూ ఎక్స్-మెన్ సినిమాలన్నీ చూశాం. వాటిని మంచి నుంచి చెడుకు వరుసగా పేర్చాలని కూర్చున్న ప్రతిసారీ గొడవే. ‘లోగన్’ను మించింది లేదని వాడి పట్టు. నా ఓటు ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’కు. మీరు ఎవరి పక్షం?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నేను మొదటి స్థానం ఇచ్చేది 2003లో వచ్చిన ‘ఎక్స్ 2’కు. 2000 నుంచి 2020 వరకు వచ్చిన 13 సినిమాలకూ ప్రాణం ప్రొఫెసర్ జేవియర్‌కూ మాగ్నెటోకూ మధ్య నడిచే వాదమే. వింత శక్తులతో పుట్టిన తమవాళ్లను, అంటే మ్యూటెంట్లను, మామూలు మనుషులు ఏదో ఒకనాటికి కలుపుకుంటారని, అలాంటి పిల్లలకు బడి నడిపే జేవియర్ నమ్మకం. 1944లో పోలండ్‌లోని నాజీ శిబిరంలో, పసివాడుగా ఉండగానే తల్లిదండ్రుల నుంచి విడదీయబడిన మాగ్నెటోకు ఆ నమ్మకం ఎలా కలుగుతుంది? ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టే ఈ కథ ఇన్నేళ్లు నిలిచింది. ఏ సినిమాలో ఈ వాదం సజీవంగా ఉందో ఆ సినిమాను ముందు నిలపాలన్నది నా కొలమానం.

‘ఎక్స్ 2’లో బాబీ అనే కుర్రవాడు బోస్టన్‌లోని తన ఇంటికి వెళ్లి, తాను మ్యూటెంట్‌నని అమ్మానాన్నలకు చెప్పే సన్నివేశాన్ని మరోసారి చూడండి. అలా కాకుండా ఉండటానికి ఎప్పుడైనా ప్రయత్నించావా అని తల్లి అమాయకంగా అడుగుతుంది. ఆమెలో ద్వేషం లేదు, బెంగే ఉంది. ఈలోగా తమ్ముడు మేడ మీదికి వెళ్లి పోలీసులకు ఫోన్ చేస్తాడు. బాబీతో పాటు వచ్చిన, జేవియర్ బడిలోనే చదువుకున్న పైరో ఆ పోలీసుల మీదికి నిప్పులు విసిరి, చివరికి మాగ్నెటో పక్షాన చేరిపోతాడు. ఉపన్యాసం ఒక్కటీ లేకుండా రెండు పక్షాల బలమూ ఒక ఇంటి ముంగిట్లో మన కళ్ల ముందు నిలబడుతుంది. లోహాన్ని తాకకుండానే ఆడించగల మాగ్నెటో, లోహమన్నది లేని ప్లాస్టిక్ చెరలో ఉండి, కాపలాదారు రక్తంలోకి ముందే ఎక్కించిన ఇనుమును బయటికి లాగి, దాన్ని చిన్న గోళీలుగా చేసి, వాటితోనే గోడలు బద్దలుకొట్టుకుని బయటపడే దృశ్యం కూడా ఈ సినిమాలోనిదే. ఒక పాత్ర శక్తిని, తెలివిని, క్రూరత్వాన్ని ఒకేసారి ఇంత క్లుప్తంగా చూపించిన సన్నివేశం ఈ వరుసలో నాకు మరొకటి కనిపించలేదు.

2017 నాటి ‘లోగన్’ గొప్ప సినిమా అన్న విషయంలో మీ తమ్ముడితో నాకు పేచీ లేదు. సూపర్‌హీరో సినిమాల రచనను ఆస్కార్ వారు సాధారణంగా పట్టించుకోని రోజుల్లో దాని స్క్రీన్‌ప్లేకు నామినేషన్ దక్కింది. తన మెదడే తన అదుపు తప్పిన ముసలి జేవియర్‌ను లోగన్ (వుల్వరిన్ అన్నా ఇతనే) మాత్రలు ఇచ్చి, మంచం మీదికి ఎత్తి పడుకోబెట్టి సాకే తీరు చూసి కంటతడి పెట్టని అభిమాని ఉండడు. అయితే ఆ కన్నీటిలో అంతకుముందు 17 ఏళ్లు ఆ ఇద్దరు నటులు సంపాదించి పెట్టిన మూలధనం చాలా ఉంది. అందుకే నా లెక్కలో దానిది రెండో స్థానం.

మీరు మెచ్చిన సినిమా మూడోది. వియత్నాం యుద్ధం గురించి 1973లో జరిగిన పారిస్ శాంతి చర్చలను కథలో అల్లిన తీరు ముచ్చటగా ఉంటుంది. పెంటగాన్ వంటగదిలో మెరుపువేగపు కుర్రవాడు క్విక్‌సిల్వర్ పరుగు గురించి నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. నాలుగోది ‘ఫస్ట్ క్లాస్’. అట్టడుగున మాత్రం ‘ది లాస్ట్ స్టాండ్’ను పెడతాను. ‘వుల్వరిన్’ తొలి విడి సినిమా అంతకంటే నాసిరకం అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నిజమే కావచ్చు. కాని దాని చేతిలో పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మ్యూటెంట్లను మామూలు మనుషులుగా మార్చే మందు వస్తే ఎవరు వేసుకుంటారు, ఎవరు కాదంటారు అన్న అద్భుతమైన ప్రశ్న 2006లో ‘లాస్ట్ స్టాండ్’ చేతికి అందింది. జేవియర్ శిష్యురాలు జీన్ తన శక్తి మీద అదుపు కోల్పోయే డార్క్ ఫీనిక్స్ కథ కూడా అందింది. ఒక్కోదానికి ఒక్కో సినిమా కావలసిన ఆ రెండింటినీ గంటా నలభై నిమిషాల చిల్లరలో కుక్కి, ఆమె ప్రియుడు సైక్లాప్స్ చావును తెర మీద చూపించనైనా చూపించకుండా ముగించడం ఈ వరుసకు జరిగిన అతి పెద్ద నష్టమని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. వాడికి ఈ సినిమాలను ఏ వరుసలో చూపించాలి? బాగోలేనివి వదిలేయవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: విడుదలైన వరుసలోనే చూపించండి. కథాకాలం ప్రకారం 1962 నాటి ‘ఫస్ట్ క్లాస్’తో మొదలుపెట్టమని కొందరు చెబుతారు. అలా చూస్తే పడుచు మాగ్నెటో ఎటు పోతాడోనన్న బెంగ పుట్టదు. అతని భవిష్యత్తు తెలిసి చూస్తేనే జేవియర్‌తో అతని స్నేహం తెగిపోతుంటే గుండె కలుక్కుమంటుంది. ‘లాస్ట్ స్టాండ్’ను నేను అట్టడుగున పెట్టినా మీరు వదలకండి. ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ చివర్లో లోగన్ బడిలో నిద్ర లేచి, చనిపోయిన జీన్‌ను, సైక్లాప్స్‌ను మళ్లీ సజీవంగా చూసే క్షణానికి విలువ రావాలంటే వాళ్లు పోయిన సినిమా చూసి ఉండాలి. ‘డెడ్‌పూల్’ సినిమాలను, ‘లోగన్’ను మాత్రం పక్కన పెట్టండి. అమెరికాలో వాటికి ఆర్ రేటింగ్ ఇచ్చారు, అంటే 17 ఏళ్ల లోపువాళ్లు పెద్దల తోడు లేకుండా చూడకూడదని. ‘లోగన్’లోని హింసలో చాలా భాగం మీ అబ్బాయి వయసున్న లారా అనే పిల్ల చేతుల మీదుగా జరుగుతుంది కాబట్టి, వాడు ఇంకో ఐదారేళ్లు ఆగిన తర్వాత మీరు పక్కన కూర్చుని చూపించండి.