సిమ్యులేటర్ లేకుండా హ్యూమన్ ఫ్యాక్టర్స్ ప్రాజెక్టు నడపొచ్చా?

ప్రశ్న బీటెక్ మూడో ఏడాది ఎలెక్టివ్ గురించి: నిజమైన విమానం కేసు తీసుకుని హ్యూమన్ ఫ్యాక్టర్స్ (మనిషి తీరుకు తగ్గట్టు యంత్రాన్ని రూపొందించే శాస్త్రం) నేర్పాలి, కాలేజీలో సిమ్యులేటర్ లేదు, బడ్జెట్ తక్కువ.

నడపొచ్చు. అయితే మొత్తం కాక్‌పిట్ జోలికి వెళ్లొద్దు. ఒక ప్యానెల్, ఒక పని, నలుగురేసి జట్టు, అంతే. నా అనుభవంలో దీనికి బాగా కుదిరేది తొలితరం ఎయిర్‌బస్ ఏ320 విమానంలో ఆటోపైలట్‌కు ఎంత దిగాలో చెప్పే నాబ్. నాబ్ ఒకటే, అంకెల కిటికీ ఒకటే, మోడ్‌లు మాత్రం రెండు. దిగే కోణం మోడ్‌లో -3.3 అని కనిపిస్తే 3.3 డిగ్రీలు. నిలువు వేగం మోడ్‌లో -33 అని కనిపిస్తే నిమిషానికి 3300 అడుగులు. మోడ్ మార్చే బటన్ వేరే ఉంటుంది, అదే నొక్కు హెడింగ్‌ను (ముక్కు చూసే దిక్కు) ట్రాక్‌గా (నేల మీద సాగే దారి) కూడా మార్చేస్తుంది.

1992 జనవరి 20న ఎయిర్ ఇంటర్ సంస్థ ఏ320 ఒకటి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్ దగ్గర కొండను ఢీకొని 96 మందిలో 87 మంది చనిపోయారు. ఈ రెండు మోడ్‌ల గందరగోళమే కారణమయ్యే అవకాశం ఎక్కువని దర్యాప్తు భావించింది, ఖాయంగా మాత్రం తేల్చలేదు. "అవకాశం ఎక్కువ", "ఖాయం" అన్న మాటల మధ్య ఆ తేడాను పిల్లలకు చెప్పి తీరాలి. తర్వాత ఎయిర్‌బస్ నిలువు వేగాన్ని -3300 అని నాలుగంకెల్లో చూపేలా మార్చింది.

ఇదంతా మొదటి రోజే చెప్పేస్తే పాఠం చెడుతుంది. ఫలితం తెలిశాక ప్రతి విద్యార్థికీ "పైలట్ చూసుకోవాల్సింది" అనిపిస్తుంది, అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. ముందు ప్యానెల్ ఫొటో మాత్రమే ఇచ్చి, "3.3 డిగ్రీలతో దిగడం మొదలుపెట్టాలి" అన్న పనిని చేతి కదలిక, కంటి చూపు స్థాయిదాకా విడగొట్టమనండి. ఒక్కో అడుగు పక్కన ఏం తప్పు జరగొచ్చు, జరిగితే ఎక్కడ కనిపిస్తుంది అని రాయించండి. ఆ రెండో గడి ఖాళీగా ఉన్న వరుసల్లోనే అసలు విషయం ఉంటుంది. లెక్క కూడా వాళ్లచేతే వేయించండి: 150 నాట్ల వేగంలో 3.3 డిగ్రీలంటే నిమిషానికి దాదాపు 875 అడుగులు. 3300 దానికి నాలుగింతలకు దగ్గర. ప్రమాదం సంగతి ఆ తర్వాతే చెప్పండి.

నమూనాకు 5 మి.మీ. ఫోమ్ బోర్డు, ఆర్డుయినో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు), రోటరీ ఎన్‌కోడర్ (ఎటు, ఎంత తిప్పారో చెప్పే నాబ్), ఒక పుష్ బటన్, ఏడు గీతల అంకెల డిస్‌ప్లే చాలు. చౌకగా దొరికే నాలుగంకెల గడియారం మాడ్యూళ్లలో చాలావాటికి మధ్యలో రెండు చుక్కలే ఉంటాయి, దశాంశ బిందువు ఉండదు. దాంతో -3.3 చూపించలేరు, ప్రయోగమే పోతుంది, చూసి కొనండి. ఎన్‌కోడర్ కాంటాక్టులు అదిరి అంకెలు దూకుతాయి. రెండు సిగ్నల్ పిన్నుల నుంచీ గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెట్టండి. లేకపోతే మనిషి తప్పేదో, వైరు తప్పేదో విడదీయలేరు. పక్కనే లాప్‌టాప్‌లో నిలువు వేగం ముల్లు కొన్ని సెకన్లు ఆలస్యంగా కదిలేలా చిన్న ప్రోగ్రాం రాయించండి.

పరీక్షకు వేరే బ్రాంచి నుంచి 12 మందిని పిలవండి. సొంత జట్టు స్నేహితులు వద్దు, వాళ్లకు దేన్ని కొలుస్తున్నారో ముందే తెలిసిపోతుంది. సగం మందికి పాత డిస్‌ప్లే (-33) ముందు, మిగతా సగానికి కొత్తది (-3300) ముందు. ఒక్కొక్కరికి ఒక్కో డిస్‌ప్లే మీద 20 సార్లు. వాటిలో సగంసార్లు మోడ్ తప్పుగా ఉండి మొదలవ్వాలి, ఆ వరుస యాదృచ్ఛికంగా ఉండాలి. నిశ్శబ్దంగా కూర్చోబెడితే దాదాపు ఎవరూ తప్పు చేయరు. రికార్డు చేసిన రేడియో పిలుపులు వినిపిస్తూ, తమ కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు) వచ్చినప్పుడు జవాబివ్వమనండి. అప్పుడు మోడ్ చూడటం మానేస్తారు.

ఎన్ని తప్పులన్నది ఒక్కటే లెక్కపెట్టి వదిలేయడం జట్లు మామూలుగా చేసే పొరపాటు. తప్పు పడ్డాక ఎన్ని సెకన్లకు గమనించారన్నది అంతకంటే ముఖ్యం, లాగ్‌లో టైమ్‌స్టాంప్ తప్పనిసరి. ఒక్కో డిస్‌ప్లే అయ్యాక పని ఎంత భారంగా అనిపించిందో కొలిచే నాసా టీఎల్‌ఎక్స్ ప్రశ్నావళిలోని ఆరు స్కేళ్లూ నింపించండి. 12 మంది మీద శాతాలు చెప్పనివ్వొద్దు, ఎవరికి ఎన్ని అన్న పట్టిక పెట్టమనండి.

మార్పులు సూచించమంటే సగం జట్లు "అలారం పెడదాం" అంటాయి. 2005 నాటి హీలియోస్ ఎయిర్‌వేస్ విమాన ప్రమాదాన్ని అప్పుడు చూపించండి: ఆ బోయింగ్ 737లో క్యాబిన్ పీడనం హెచ్చరికకూ, టేకాఫ్ సెట్టింగ్ హెచ్చరికకూ హారన్ ఒకటే. కొత్త శబ్దం సూచించే జట్టు, ఇప్పటికే మోగే శబ్దాల జాబితా కూడా ఇవ్వాలి.

చివరి పరీక్షకు 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో కూలిన ఏటీఆర్ 72 విమానం కేసు ఇవ్వండి. ఫ్లాప్స్ (రెక్కల వెనక దిగే పలకలు) లివర్‌ను 30కి తిప్పాల్సిన చోట రెండు ప్రొపెల్లర్ల కండిషన్ లివర్లూ ఫెదర్‌కు (ప్రొపెల్లర్ తోపు ఇవ్వని స్థితి) వెళ్లి, 72 మంది చనిపోయారు. లివర్ల పిడులు ఆకారంలో వేరుగా ఉండాలన్న ఆలోచన రెండో ప్రపంచ యుద్ధం నాటి బి-17 బాంబర్ల అనుభవంతో, సైకాలజిస్టు అల్ఫోన్స్ షపానిస్ లాంటివాళ్ల కృషితో వచ్చింది. నేటి రవాణా విమానాల నియమాల్లో 25.781 అనే సెక్షన్ చెప్పేదీ అదే. మరి ఆ నియమం ఉండగానే ఇది ఎలా జరిగిందో రెండు పేజీల్లో రాయమనండి. "పైలట్ తప్పు" అని మొదలైన పేపరును మార్కులు వేయకుండా వెనక్కి ఇచ్చేయండి.