డెస్క్‌టాప్ యాప్‌ల కోసం మెటాడేటా లైబ్రరీ: ఎస్‌క్యూలైటా, ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లా?

లినక్స్‌లో వేర్వేరు యాప్‌లు ఫైళ్ల ట్యాగులు, రేటింగులు, కామెంట్లు ఒకే లైబ్రరీ ద్వారా దాచుకోవాలి, లోపల ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే చిన్న డేటాబేస్) పెట్టాలా, ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు (ఫైల్ సిస్టమ్ ఫైలుకే అంటించి ఉంచే అదనపు సమాచారం) వాడాలా అని అడిగారు. నన్నడిగితే అది తర్వాతి సంగతి. లైబ్రరీలోకి వచ్చేదాంట్లో మనిషి కూర్చుని టైపు చేసింది ఏది, యంత్రం మళ్లీ తీసుకోగలిగింది ఏది అన్నది ముందు తేల్చండి.

నేను హనుమకొండలో ఫొటో స్టూడియోల వాళ్లకు సాఫ్ట్‌వేర్ చేస్తుంటాను. ఒక్కో పెళ్లికి వేలల్లో ఫొటోలు. కెమెరా మోడల్, తీసిన టైము ఫైల్లోనే ఎగ్జిఫ్ అని కెమెరా రాసే భాగంలో ఉంటాయి కాబట్టి ఇండెక్స్ (వెతకడానికి పెట్టుకునే జాబితా) పాడైనా మళ్లీ స్కాన్ చేస్తే వచ్చేస్తాయి. 'మైలపోలు', 'బరాత్', 'ఆల్బమ్‌కు ఓకే' అని ఒక్కోటి చూసి పెట్టిన గుర్తులు పోతే మాత్రం పెళ్లివాళ్లను మళ్లీ పిలిపించాల్సిందే. అప్పుడు ఎవరి టెన్షన్ ఎంతో చెప్పనక్కర్లేదు.

అందుకే ఈ రెండు రకాల సమాచారం రాయడానికి లైబ్రరీలో ఒకే ఫంక్షన్ ఇవ్వకండి. యంత్రం తీసిన సమాచారానికి ఇచ్చే ఫంక్షన్ వేగంగా ఉంటే చాలు, ఎప్పుడైనా చెరిపేసుకోవచ్చు. మనిషి రాసినదానికి ఇచ్చే ఫంక్షన్ డేటా డిస్కుకు చేరాకే 'అయింది' అనాలి. మధ్యలో కరెంటు పోయినా పాతదో కొత్తదో ఒకటి నిండుగా ఉండాలి. రాయలేకపోతే ఎర్రర్ స్పష్టంగా రావాలి.

లినక్స్ డెస్క్‌టాప్ కేడీఈని చేసేవాళ్లు నడిచిన దారి చూడండి. మొదట ఫైళ్ల సమాచారం దాచడానికి నెపోముక్ అని ఉండేది, లోపలంతా ఆర్‌డీఎఫ్ గ్రాఫ్, అంటే సమాచారాన్నంతా ఒకదానితో ఒకటి లింకులుగా దాచే పద్ధతి. 2014లో కేడీఈ 4.13తో దాని స్థానంలో బలూ వచ్చింది. ఇందులో వెతకడానికి ఇండెక్స్ వేరు. మనం పెట్టిన ట్యాగులు, రేటింగులు ఫైలుకే ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లుగా అంటుకుని ఉంటాయి. ఆ విభజన నాకు నచ్చింది.

అలాగని ఆట్రిబ్యూట్ల మీదే భారం వేయకండి. పరకాల నుంచో నర్సంపేట నుంచో స్టూడియో వాళ్లు ఫొటోలు తెచ్చేది ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవుల్లో. వాటిలో ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లకు చోటే లేదు. ఉత్త సీపీ కమాండ్‌తో కాపీ చేసినా అవి వెంట రావు. పైగా లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో మామూలుగా అన్నీ కలిపి ఒక బ్లాకు, అంటే దాదాపు 4 కేబీలో సర్దుకోవాలి. పెద్ద కామెంట్ రాస్తే అక్కడే ఆగిపోతుంది. కాబట్టి బయటికి వెళ్లే ఫైళ్ల కోసం పక్కనే ఎక్స్‌ఎంపీ (ట్యాగుల్లాంటి వివరాలు రాసే ఫార్మాట్) ఫైలు రాసే ఎక్స్‌పోర్ట్ మొదటి వెర్షన్‌లోనే పెట్టండి. అది 2012 నుంచి ఐఎస్‌ఓ ప్రమాణం కూడా, వేరే ఫొటో సాఫ్ట్‌వేర్లు చదువుకుంటాయి.

అన్నిటికంటే తలనొప్పి, ఏ ఫైలుకు ఏ సమాచారం అన్నది. పాత్‌ను, అంటే ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ చిరునామాను, గుర్తుగా పెట్టుకుంటే ఫోల్డర్ పేరు మార్చగానే తెగిపోతుంది. ఐనోడ్ (ఫైల్ సిస్టమ్ ఫైలుకు ఇచ్చే నంబరు) అంటారా, చాలా ఎడిటర్లు టెంపరరీ ఫైల్ రాసి పాతదాని పేరు పెడతాయి, ఐనోడ్ మారిపోతుంది. హ్యాష్ (ఫైల్లో ఉన్నదాన్నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) అయితే ఫొటోకు కాస్త రంగు సరిచేసినా మారుతుంది. మూడూ ఆధారాలుగా దాచుకుని, యాప్‌కు మాత్రం మీ సొంత ఐడీ ఒక్కటే ఇవ్వండి. ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు లైబ్రరీ తనంతట తాను నిర్ణయించేయకూడదు. 'దొరికింది', 'లేదు'తో పాటు 'అనుమానం' అని మూడో జవాబు పెట్టండి, యాప్ వాళ్లు యూజర్‌ను అడుగుతారు. ఇది డెవలపర్లకు విసుగే. అయినా ఒకరి పెళ్లి గుర్తులు ఇంకొకరి ఆల్బమ్‌కు అంటుకోవడం కన్నా నయం.

ఎస్‌క్యూలైట్ వాడితే ఎస్‌క్యూఎల్‌ను (డేటాబేస్‌ను అడిగే భాష) యాప్‌లకు బయటికి చూపించకండి, రేపు టేబుళ్లు మార్చలేరు. డేటాబేస్ ఫైలు లోకల్ డిస్కులోనే ఉంచండి. స్టూడియోల్లో ల్యాన్ మీద షేర్ చేసిన ఫోల్డర్ ఉంటుంది, అందులో పెడదామనిపిస్తుంది. ఎస్‌క్యూలైట్‌లో మార్పులను ముందు వేరే లాగ్ ఫైలులో రాసే డబ్ల్యూఏఎల్ మోడ్‌కు షేర్డ్ మెమరీ (ఒకే సిస్టమ్‌లోని ప్రోగ్రాములు పంచుకునే మెమరీ) కావాలి, నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ మీద అది పనిచేయదు. రెండు సిస్టమ్‌లు ఒకే ట్యాగులు చూడాలంటే మధ్యలో చిన్న సర్వర్ ప్రాసెస్ పెట్టుకోవడమే.