టెంపుస్ ఒక్కటే చాలదమ్మా

చి. బుజ్జికి,
పెదనాన్న ఆశీస్సులు.

లాటిన్-తెలుగు పదకోశం రాయబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. బ్రాడీపేటలో తెలిసినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అచ్చులో పడ్డ తప్పుని పిల్లలు కంఠస్థం చేస్తారే!

మంచి నిఘంటువు కొనుక్కో, విభక్తులు రోజూ వల్లెవెయ్యి. అవి నీకు చెప్పక్కర్లేదు. నా బెంగంతా సంక్రాంతికి నువ్వు చూపించిన నోటుబుక్కు గురించే. ‘మూడు సార్లు’ దగ్గర టెంపుస్ (లాటిన్‌లో కాలం), ‘తీరిక’ దగ్గర టెంపుస్, ‘ఈడు’ దగ్గరా టెంపుసే! తెలుగు మాటని ముందు ఇంగ్లీషులో ‘టైమ్’ చేసుకుని, దాన్ని లాటిన్‌లోకి లాగావు. గుంటూరు నుంచి మంగళగిరికి ఎవరైనా తెనాలి మీదుగా పోతారటే? మూడు సార్లకి టెర్ అని చిన్న మాటుంది. తీరిక ఓత్సియుం. ఈడు ఏటాస్. అదను ఒక్కాసియో. చాలాసేపు అంటే దియు. ‘వేళకి వచ్చాడు’ అనేచోట మాత్రం ఆ టెంపుస్‌నే ఇన్ టెంపొరే అని నిక్షేపంగా వాడుకో. మన భాష ఎప్పుడో విడదీసి పెట్టినవాటిని నువ్వెందుకు కలిపేస్తావు?

గంటల దగ్గర ఇంకా జాగ్రత్త. రోమన్లు పగటిని 12 భాగాలు చేసేవాళ్ళు. అందుకే వాళ్ళ హోరా, అంటే గంట, ఎండాకాలంలో సాగేది, చలికాలంలో కుదించుకుపోయేది. సెక్స్తా హోరా అంటే పొద్దు పొడిచినప్పటి నుంచి ఆరో గంట, మిట్టమధ్యాహ్నం, పొరపాటున ఆరు గంటలని రాసేవు! ట్రేస్ హోరాస్ అంటే మూడు గంటల సేపు. టెర్త్సియా హోరా అంటే మూడో గంటకి, మన లెక్కలో పొద్దున్న సుమారు తొమ్మిదికి. అన్నట్టు, మన పంచాంగంలో హోర కూడా గ్రీకుల దగ్గర్నుంచి వచ్చిందే. ఆ మాటంటే మా వీధి సిద్ధాంతిగారు నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

నా చిన్నప్పుడు ఫిరంగిపురం గుడిలో పూజ లాటిన్‌లోనే. ఫాదర్‌గారు ‘పెర్ ఓమ్నియా సేకులా సేకులోరుం’ అని రాగం తీయగానే ‘ఆమెన్’ అని అరిచేవాళ్ళం. యుగయుగాలని అర్థమని ఎవరికి తెలుసు, ఆ ప్రార్థన అయిపోయిందని సంతోషం! కాథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. ఆ రాగం చెవినపడని ఇప్పటి సెమినరీ పిల్లలకి, అదే, ఫాదర్లవడానికి చదివేవాళ్ళకి, నీ పుస్తకమే దిక్కవుతుంది, అదీ నా భయం.

విడుదల ఫలానా రోజని ఎవరికీ మాటివ్వకు. ప్రూఫులు ముందు నాకు పంపు, అక్షరాలు పెద్దవి పెట్టించు. రాత్రిళ్ళు ఉత్త టీ తాగి పడుకోకే తల్లీ, పెద్దమ్మ మాగాయ పంపుతోంది. సీసా మాత్రం వెనక్కి పంపమంది.

ఇట్లు
పెదనాన్న