మారిషస్ వెళ్లిన ముత్తాత రికార్డు ఇంటిపేరుతో దొరకదు

చెరకు తోటల్లో కూలీగా మారిషస్ వెళ్లిన మీ ముత్తాత అప్పన్న రికార్డు ఎంత వెతికినా దొరకడం లేదా? మీరు ఇంటిపేరుతో వెతకడమే ఇబ్బంది. కూలీ రిజిస్టర్లలో మనవాళ్లకు చాలావరకు ఒంటి పేరు, తండ్రి పేరే ఉంటాయి. 1834 నుంచి చెరకు తోటల కోసం భారత్ నుంచి సుమారు 4.5 లక్షల మందిని అక్కడ దింపారు. అందులో అప్పన్నలు ఎంతమందో!

1. మారిషస్ సివిల్ స్టేటస్ ఆఫీసు నుంచి ఆయన పెళ్లి లేదా మరణ పత్రం తెప్పించండి.

2. అందరూ వదిలేసేది ఇదే: పేరు పక్కన ఇమిగ్రేషన్ నంబరు (అక్కడ దిగిన కూలీకి ఇచ్చిన నంబరు) ఉందేమో చూడండి. సంక్షిప్త ప్రతిలో అది రాకపోవచ్చు. పూర్తి ప్రతే అడగండి. ఆయనది లేకపోతే పిల్లల జనన పత్రాలు చూడండి.

3. ఆ నంబరుతో మారిషస్‌లోని మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆర్కైవ్స్‌కు రాయండి. ఓడ, వయసు, ఊరు, చేరిన ఎస్టేటు, ఒక్కోసారి ఫోటో కూడా దొరుకుతాయి.

కోరంగిలో ఓడ ఎక్కాడని ఇంట్లో చెప్పుకున్నా, మద్రాసు రేవు ఓడలనూ వదలకండి.