మూడు డోసులు పడ్డాక కూడా రోటా వస్తే టీకా పనిచేయనట్టేనా?

మీరు అడిగింది ఇదీ: తొమ్మిది నెలల పాపకు రోటా (పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు తెచ్చే వైరస్) టీకా చుక్కలు మూడు డోసులూ వేళకే వేయించారు, అయినా నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి, మలపరీక్షలో రోటా పాజిటివ్ వచ్చింది. టీకా వృథా అయిందా, యాంటీబాడీ పరీక్ష చేయించి మళ్లీ వేయించాలా, రాబోయే బిడ్డకు అసలు వేయించాలా అని. రోటా టీకా ట్రయల్స్‌లో పనిచేసేవాళ్లకు తల్లిదండ్రుల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. టీకా వృథా కాలేదు. ఎందుకో చెప్పే ముందు ఇవాళ చేయాల్సిన పని చెప్తాను.

విరేచనాలు ఇంకా అవుతుంటే ఓఆర్ఎస్సే అసలు మందు. ప్యాకెట్ మీద ఒక లీటరుకు అని ఉంటే పొడి మొత్తం ఒకేసారి, కొలిచిన లీటరు నీళ్లలో కలపాలి. పొడి కాస్త తీసి గ్లాసులో అంచనాగా వేయడం దగ్గరే చాలామంది తప్పుతారు. చిక్కగా కలిపితే అది పేగులోకే నీటిని లాగి విరేచనాన్ని పెంచుతుంది, రక్తంలో సోడియం కూడా పెరుగుతుంది. పల్చగా కలిపితే పోయిన ఉప్పు తిరిగి రాదు. లీటరుకు 75 మిల్లీమోల్ సోడియం, 75 మిల్లీమోల్ గ్లూకోజు ఉండడానికి కారణం ఉంది: పేగు కణం గ్లూకోజును లోపలికి తీసుకునేటప్పుడు సోడియంను కూడా తీసుకుంటుంది, వాటి వెంట నీళ్లు వెళ్తాయి. రోటా చిన్నపేగు విల్లైల (పేగు లోపలి గోడ మీద వేళ్లలా పొడుచుకొచ్చే సన్నటి మొనల) కొసల్లోని కణాలను దెబ్బతీసినా మిగిలిన కణాల్లో ఈ దారి తెరిచే ఉంటుంది.

రెండేళ్ల లోపు పిల్లలకు ఒక్కో విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో నెమ్మదిగా మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు జింక్ డాక్టరు చెప్పిన మోతాదులో 10 నుంచి 14 రోజులు ఇవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. విరేచనం తగ్గగానే జింక్ మానేయకండి, కోర్సు పూర్తి చేయండి. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. విరేచనం కట్టేసే లోపెరమైడ్ ఈ వయసుకు ప్రమాదం. కళ్లు లోపలికి పోవడం, మత్తుగా పడి ఉండడం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా సర్దుకోవడం, తాగింది తాగినట్టు కక్కేయడం, మలంలో రక్తం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో ఆగొద్దు, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక టీకా సంగతి. రోటా టీకా సహజ ఇన్ఫెక్షన్‌కు నకలు. సహజ ఇన్ఫెక్షన్ ఇవ్వలేని రక్షణను దాని నుంచి ఆశిస్తే నిరాశే మిగులుతుంది. మెక్సికోలో 200 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనించి 1996లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకసారి రోటా సోకినవాళ్లకు తర్వాతి రోటా విరేచనాల నుంచి 77 శాతం రక్షణ దొరికింది. రెండుసార్లు సోకితే 83, మూడుసార్లకు 92. అంతకన్నా ముఖ్యమైన సంగతి, రెండుసార్లు సోకిన తర్వాత ఒక మోస్తరు నుంచి తీవ్రమైన విరేచనాలు ఒక్కరికీ రాలేదు. అంటే వైరస్ మళ్లీ మళ్లీ సోకుతూనే ఉంటుంది, జబ్బు తీవ్రత మాత్రం పడిపోతుంది.

ఇలా ఎందుకంటే, ఈ వైరస్ జబ్బు చేయడానికి రక్తంలోకి వెళ్లి ఒళ్లంతా తిరగాల్సిన పనిలేదు. పేగు గోడ మీద దిగి అక్కడే పెరుగుతుంది, దాని ఎన్ఎస్పీ4 అనే ప్రొటీన్ విషంలా పనిచేసి నీటిని పేగులోకి వదిలిస్తుంది. సోకిన రెండు రోజుల్లోనే లక్షణాలు మొదలవుతాయి. అప్పటికి జ్ఞాపక కణాలు (టీకాతోనో పాత ఇన్ఫెక్షన్‌తోనో వైరస్‌ను గుర్తుపెట్టుకున్న రోగనిరోధక కణాలు) పూర్తిగా రంగంలోకి దిగవు. మొదటి రోజే వైరస్‌ను అడ్డుకోవాలంటే పేగు లోపలి పొర మీద ఐజీఏ యాంటీబాడీ సిద్ధంగా ఉండాలి, అది నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. జ్ఞాపక కణాలు ఆలస్యంగానైనా అందుకుని, వైరస్ పేగు పొడవునా పాకకుండా ఆపుతాయి. మీ పాపకు రోటా వచ్చినా సెలైన్ ఎక్కించాల్సినంత దూరం వెళ్లలేదంటే టీకా చేయాల్సిన పని అదే.

టీకా ట్రయల్స్ కూడా దీన్నే కొలుస్తాయి. విరేచనాలు ఎన్ని, ఎన్ని రోజులు, వాంతులు, జ్వరం, నీరు ఎంత కోల్పోయారు అన్నవాటికి మార్కులు వేసే వెసికారి స్కేలు మీద, ఇరవైకి పదకొండు, ఆపైన వస్తే తీవ్రమైన కేసు. మన దేశంలో తయారైన రోటా టీకా 116ఈ (అందులోని వైరస్ పేరే అది) మూడో దశ ట్రయల్ ఢిల్లీ, పుణె, వేలూరులో 6,799 మంది శిశువులతో జరిగింది. తీవ్రమైన రోటా విరేచనాలపై 53.6 శాతం సామర్థ్యం కనబరిచింది. నూటికి 54 మందికి పనిచేసి మిగతావాళ్లకు పనిచేయలేదని దీనర్థం కాదు. టీకా వేయని గుంపుతో పోలిస్తే తీవ్రమైన కేసులు సగానికి పైగా తగ్గాయని అర్థం. ఆ 116ఈ వైరస్ దొరికిన తీరు నాకు ఎప్పుడూ అబ్బురమే: 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో రోటా సోకినా ఏ జబ్బూ లేకుండా ఉన్న నవజాత శిశువుల నుంచి పిల్లల వైద్యుడు ఎం.కె. భాన్ బృందం దాన్ని వేరుచేసింది.

సంపన్న దేశాల్లో ఇవే రకం టీకాలకు 85 శాతం పైబడి కనిపించిన సామర్థ్యం, శిశు మరణాలు ఎక్కువున్న దేశాల్లో సగానికి దిగడానికి కారణం ఒక్కటి కాదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకా వైరస్‌ను మొదట్లోనే అణచేస్తాయి. అదే రోజు వేసే పోలియో చుక్కలు మొదటి డోసు స్పందనను కొంత తగ్గిస్తాయి. పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్లతో వాచిపోయిన పేగులో టీకా వైరస్ సరిగ్గా పెరగదు. జన్యువుల పాత్ర కూడా ఉంది: ఎఫ్‌యూటీ2 జన్యువు పనిచేయని పిల్లల పేగులో కొన్ని రోటా రకాలకు అతుక్కునే చోటే ఉండదు. ఆ పిల్లలకు ఆ రకం జబ్బూ అరుదే, ఆ రకంతో చేసిన టీకా కూడా సరిగ్గా పట్టదు. తల్లిపాలు కాసేపు ఆపి టీకా వేస్తే బాగా పడుతుందన్న ఆలోచనను కూడా పరీక్షించారు, లాభం కనిపించలేదు. కాబట్టి పాలు ఆపకండి.

యాంటీబాడీ పరీక్ష చేయించొద్దు. పరిశోధనలో మిల్లీలీటరుకు 20 యూనిట్ల ఐజీఏను టీకాకు స్పందించారనడానికి గీతగా వాడతాం. అది గుంపుల మధ్య పోలికకు పనికొస్తుంది, ఒక బిడ్డకు రక్షణ ఉందో లేదో తేల్చదు. పైగా ఇప్పుడు సహజంగానే సోకింది కాబట్టి ఆ అంకె ఎలాగూ పెరుగుతుంది. అదనపు డోసు కూడా అక్కర్లేదు, ఈ ఇన్ఫెక్షనే ఆ పని చేసేసింది. పాజిటివ్ రిపోర్టు గురించి ఒక మాట: మామూలు మలపరీక్ష వెతికేది వీపీ6 అనే ప్రొటీన్‌ను, అది టీకా వైరస్‌లోనూ ఉంటుంది. డోసు పడిన వారం పది రోజుల్లో పాజిటివ్ వస్తే అది టీకా వైరస్ కావచ్చు. మీ పాపకు చివరి డోసు పడి నెలలైంది కాబట్టి ఇది బయటి నుంచి వచ్చినదే.

రాబోయే బిడ్డకు తప్పకుండా వేయించండి, ఆలస్యం చేయకుండా ఆరు వారాలకే మొదలుపెట్టించండి. టీకాను బట్టి డోసులు రెండో మూడో ఉంటాయి. వయసు విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, 1998లో అమెరికాలో అనుమతి పొందిన రోటాషీల్డ్ టీకాను పేగులో పేగు దూరే సమస్య వల్ల 1999లో వెనక్కి తీసుకున్నారు. సుమారు పదివేల మందిలో ఒకరికి అలా జరిగిందని అంచనా, మొదటి డోసు ఆలస్యంగా పడినవాళ్లలోనే అది ఎక్కువగా కనిపించింది. తర్వాత వచ్చిన రోటారిక్స్, రోటాటెక్‌లను ఒక్కోదాన్ని అరవై వేలకు పైగా శిశువుల్లో పరీక్షించాకే అనుమతించారు. వాటితో ఈ ముప్పు ఇరవై వేల నుంచి లక్ష మందిలో ఒకరికి ఉంటుందని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. బిడ్డకు ఇదివరకే పేగులో పేగు దూరి ఉన్నా, పుట్టుకతో తీవ్రమైన రోగనిరోధక లోపం ఉన్నా ఈ టీకా వేయకూడదు. మిగతా పిల్లల్లో డోసు పడిన తర్వాత, ముఖ్యంగా మొదటి వారంలో, బిడ్డ కాళ్లు ముడుచుకుని తెరలు తెరలుగా ఏడుస్తున్నా, పచ్చటి వాంతులు అవుతున్నా, ఎర్రటి జెల్లీలాంటి మలం వచ్చినా గంటల్లో ఆస్పత్రి చేరాలి. ఏ రోజు ఏ టీకా పడిందో డాక్టరుకు ముందే చెప్పండి. తొందరగా పట్టుకుంటే ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే గాలితోనో ద్రవంతోనో పేగును సరిచేస్తారు.