కష్టాలు పడితేనే పాట వస్తుందా?

ప్రశ్న: నేను ఐటీ ఉద్యోగిని. నాలుగేళ్లుగా జానపద బాణీలో పాటలు రాస్తున్నా. విన్న స్నేహితులంతా "బాగుంది గానీ నొప్పి లేదు" అంటున్నారు. గద్దర్ వెన్నులో తూటాతో బతికారు, అందెశ్రీ గొడ్లు కాశారు. నాకు ఈఎంఐ తప్ప పెద్ద కష్టం తెలీదు. మానేయమంటారా?
- ఓ పాఠకుడు, కొండాపూర్

జవాబు: ముందు ఆ స్నేహితులకు వినిపించడం మానేయండి. కష్టపడ్డవాళ్లందరికీ పాట వచ్చేదయితే పొద్దున్నే అడ్డా మీద నిలబడే ప్రతి కూలీ కవి అయ్యేవాడు.

గద్దర్ సంగతే చూడండి. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు బ్యాంకు ఉద్యోగం వదిలేసి, ఏళ్ల తరబడి అజ్ఞాతంలో తిరిగి, 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే కాల్పులకు గురై, డాక్టర్లు తీయకుండా వదిలేసిన ఒక తూటాను మోసుకుంటూనే 2023 ఆగస్టు 6న పోయేదాకా బతికారు. ఒప్పుకుంటా, అది మామూలు జీవితం కాదు. కానీ రాజకీయం పేరెత్తితేనే లేచి వెళ్లిపోయే మా అత్తయ్య కూడా వంటింట్లో కూనిరాగం తీసే ఆయన పాట ఏదో తెలుసా? 'మల్లెతీగకు పందిరివోలె'. 'ఒరేయ్ రిక్షా' సినిమాలోది. అందులో తూటా లేదు, అజ్ఞాతం లేదు, ఉన్నది అన్నా చెల్లెలే. (దానికి నంది అవార్డు ఇస్తామంటే వద్దన్నారు, అది వేరే కథ.)

ఇక అందెశ్రీ. అమ్మానాన్నల నీడ లేకుండా పెరిగి, బడి చదువు లేకుండానే, పశువులు కాసి, తాపీ పని చేసిన మనిషి. తన గోడు తాను రాసుకున్నా ఎవరూ తప్పు పట్టరు. ఆయన రాసింది మాత్రం 'మాయమైపోతున్నడమ్మా మనిషన్నవాడు'. అందులో ఆయన అడిగింది మన గురించి.

అందుకే "నొప్పి లేదు" అన్నారంటే నా అనుమానం, మీ పాట వాళ్ల నోటికి పట్టలేదు. పోయిన నెల మా గల్లీలో ఒక ఇంటికి స్లాబ్ వేశారు. కింద మిల్లర్ తిరుగుతోంది, మెట్ల మీద వరసగా ఆడా మగా నిలబడి మాలు తట్టలు పైకి అందిస్తున్నారు. ఒకామె పాట ఎత్తుకుంది, మిగతావాళ్లు అందుకున్నారు. టీ తాగుతూ చాలాసేపు చూశా. ఒక్కో పంక్తి సరిగ్గా తట్ట ఈ చేతి నుంచి ఆ చేతికి పోయేంత పొడవే ఉంది, 'హే' అన్నచోట బరువు లేస్తోంది. మధ్యలో ఒక కుర్రాడు హుషారుగా సినిమా పాట మొదలెట్టాడు. మూడో పంక్తికల్లా తట్టలు ఒకదానికొకటి తగిలి మాలు కింది మెట్టు మీదామె నెత్తిన పడింది. వాడికి పడ్డ తిట్లు ఇక్కడ అచ్చు వేయలేం.

మీరు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాస్తారు కదా, అక్కడే తేడా కొడుతోంది. రాసింది మెట్లెక్కుతూ పాడి చూడండి, ఊపిరి ఎక్కడ తెగితే పంక్తిని అక్కడే తెంచండి. ఈఎంఐ మీదే రాయండి, తప్పేముంది? షావుకారు వడ్డీ మీద ఊళ్లలో పాటలు కట్టలేదా, బ్యాంకు మీద కడితే ఎవరొద్దన్నారు?

ప్రశ్న: 'బండెనక బండి కట్టి' గద్దర్ రాసిందేనని నేను, కాదని మా ఆయన. బిర్యానీ పందెం.
- ఓ పాఠకురాలు, రామంతాపూర్

జవాబు: బిర్యానీ మీరే తెప్పించాలమ్మా. నిజాం మీద సాయుధ పోరాటం నాటి పాట అది, కట్టింది బండి యాదగిరి. 'మా భూమి' సినిమాలో గద్దర్ తెర మీదే కనిపించి పాడారు, దాంతో పాట ఆయన పేరు మీదే తిరుగుతోంది.

ప్రశ్న: 'జయ జయహే తెలంగాణ' రాష్ట్ర గీతం ఎప్పుడైంది?
- ఓ విద్యార్థి, ఉప్పల్

జవాబు: 2024 జూన్ 2న, కీరవాణి సంగీతంతో. రాసిన అందెశ్రీ మరుసటి ఏడాది నవంబర్ 10న ఇక్కడ హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఉద్యమంలో వీధి వీధినా పాడిన పాట, అధికారిక గీతం కావడానికి రాష్ట్రం వచ్చాక పదేళ్లు పట్టింది.

ప్రశ్న: నేను రాసిన పాట మీకు పంపొచ్చా?
- ఓ పాఠకుడు, అల్వాల్

జవాబు: పంపండి, కానీ కాగితం మీద వద్దు, పాడి పంపండి. మూడు చరణాలు దాటొద్దు. పోయినసారి ఒకాయన పద్నాలుగు పంపారు, నేను ఆరో చరణంలో నిద్రపోయా.