కొండ మీద మంట, ఇంట్లో ఉబ్బసం: తలుపులు మూయాలా, తీయాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో కొండ పక్కన చిన్న ఊరు. నాలుగు రోజుల నుంచి రాత్రిపూట కొండ మీద మంటలు కనిపిస్తున్నాయి. తెల్లారేసరికి ఊరంతా పొగ, వాకిట్లో బూడిద. కొండకీ మాకూ మధ్య ఉన్నవి జీడి తోటలే. మంట ఇటు దిగుతుందేమోనని ఒకటే టెన్షన్. ఇంట్లో మా అత్త (66 ఏళ్లు), మా బాబు (8 ఏళ్లు), నేను ఉంటాం. మా ఆయన చెన్నైలో పనిచేస్తారు. అత్తకి పదేళ్లుగా ఉబ్బసం. ఆయాసం వచ్చినప్పుడు నీలం రంగు ఇన్‌హేలర్ పీలుస్తుంది. రోజూ వాడేది వేరే ఇచ్చారు గానీ అలవాటైపోతుందని మానేసింది. బీపీ బిళ్ల, మోకాళ్లకు నొప్పి బిళ్ల కూడా వేసుకుంటుంది. మాది రేకుల ఇల్లు. తలుపులు మూస్తే ఉక్క, తీస్తే పొగ. ఐదేళ్లుగా టామీ అని కుక్క ఉంది, ఒక పిల్లి, ఆవు, దూడ ఉన్నాయి. కుక్క బొచ్చు వల్లే ఆయాసం ముదిరిందని, దాన్ని ఎక్కడైనా వదిలేయమని పక్కవాళ్లు అంటున్నారు. టామీ కూడా రెండు రోజులుగా దగ్గుతోంది. పలాసలో మా పుట్టింటికి పోదామంటే అత్త "ఆవుని వదిలి నేను రాను" అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు చాలా సంగతులు రాశారు గానీ, నాకు అసలు ముడి చివరి మాటలోనే కనిపించింది. మీ అత్తగారిని కదలనివ్వనిది ఉబ్బసం కాదు, ఆవు. ఊపిరితిత్తుల డాక్టరు ఆవు గురించి మొదలుపెట్టాడేమిటని అనుకోకండి. ఆవు సంగతి తేలితే ఆవిడ ఆటో ఎక్కుతారు, ఆటో ఎక్కితే సగం వైద్యం అయిపోయినట్టే.

మంట ఊరి మొదటికి వచ్చాక పశువుని తోలుకెళ్లడం ఎవరి వల్లా కాదు. బెదిరిన ఆవు దూడని వదిలి అడుగు వేయదు. అందుకని రేపు ఉదయమే, ఇంకా హడావిడి లేనప్పుడే, హైవే దాటి సముద్రం వైపు ఊళ్లలో చుట్టాలో తెలిసినవాళ్లో ఉంటే ఆవునీ దూడనీ అక్కడికి తోలించండి. పాలు వాళ్లనే తీసుకోమంటే కాదనేవాళ్లు తక్కువ. అది కుదరక, మంట ఒక్కసారిగా మీద పడితే మాత్రం పలుపు విప్పి, సాల తలుపు తీసి వదిలేయండి. కట్టు మీద ఉన్న పశువుకి దారి లేదు, వదిలిన పశువు తన దారి తను వెతుక్కుంటుంది. నైలాన్ తాడు ఉంటే ఈరోజే మార్చండి, వేడికి అది కరిగి చర్మానికి అంటుకుంటుంది.

కొండ మంట గురించి ఒక మాట. మంట పైకి ఎక్కినంత వేగంగా కిందికి దిగదు, కాబట్టి ఈ రాత్రికే ఇంటి మీదికి వస్తుందని బెంగపడకండి. కానీ గాలి తిరిగితే నిప్పురవ్వలు ఎగిరొస్తాయి, జీడి చెట్ల కింద ఎండాకు మందంగా పరుచుకుని ఉంటుంది. చల్లదనం కోసం రేకుల మీద గడ్డి, కొబ్బరి మట్టలు వేసే అలవాటు మనకు ఉంది కదా, ఈ పది రోజులూ అవి తీసేయండి. దాని బదులు రేకుల మీద సున్నం కొట్టించండి, వేడి కొంత తగ్గుతుంది. గోడకి ఆనించిన పిడకలు, కట్టెలు, గడ్డి కూడా దూరంగా జరపండి.

ఇక ఆయాసం. కుక్క ఐదేళ్లుగా ఇంట్లో ఉంది, ఆయాసం ముదిరింది నాలుగు రోజులుగా. దోషి కొండే, టామీ కాదు. అయితే బయట తిరిగొచ్చిన కుక్క బొచ్చులో బూడిద ఉంటుంది. తడిగుడ్డతో ఒళ్లూ పాదాలూ తుడిచి లోపలికి రానివ్వండి, అత్తగారి మంచం ఎక్కనివ్వకండి, పిల్లిని కూడా. పొగ పోయిన నెలకి కూడా కుక్క దగ్గరికి రాగానే తుమ్ములు, ఈల శబ్దం వస్తుంటే అప్పుడు ఎలర్జీ సంగతి చూద్దాం.

నీలం ఇన్‌హేలర్‌లో ఉండే సాల్బుటమాల్ బిగుసుకున్న ఊపిరి గొట్టాలను నాలుగు నుంచి ఆరు గంటల పాటు వదులు చేస్తుంది, అంతే. లోపలి వాపు అలాగే ఉంటుంది. ఆ వాపుని తగ్గించేది ఆవిడ మానేసిన రెండో ఇన్‌హేలరే. అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అదీ నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది. అలవాటవడం అన్నది వట్టి భయం. రాసిచ్చిన డాక్టరుకి ఫోన్ చేసి, పాత మోతాదులోనే మొదలుపెట్టాలా అని అడిగి ఈరోజే మొదలుపెట్టించండి. పీల్చాక నోరు పుక్కిలించాలి. స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ డబ్బా) పెట్టి పీలిస్తే మందు గొంతులో ఆగిపోకుండా లోపలికి వెళ్తుంది. ఆయాసం ఎక్కువైతే కూర్చోబెట్టి, నీలం ఇన్‌హేలర్ ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు, నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ నాలుగు. అప్పటికీ తగ్గకపోతే, మాట మధ్యలో ఊపిరి తెగిపోతుంటే, పెదాలు నీలంగా మారితే, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 92 కంటే తగ్గితే తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేయండి.

మీరు రాయలేదు గానీ, మన జిల్లా పెద్దావిడ అనగానే నేను అడగకుండా ఉండలేను: మీ అత్తగారికి అడ్డపొగ అలవాటు ఉందా? నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తూ "నాకు కొండ పొగే పడట్లేదు బాబూ" అన్న అమ్మలను చాలామందిని చూశాను. ఉంటే ముందు అది ఆగాలి. దోమల చుట్ట, సాంబ్రాణి, కట్టెల పొయ్యి, పొద్దుగూకాక సాలలో దోమలకి వేసే పొగ కూడా ప్రస్తుతానికి బంద్.

తలుపులు మూయాలా తీయాలా అన్నదానికి గడియారం కన్నా కళ్లు మేలు. రాత్రి నేల చల్లబడ్డాక పొగ పైకి పోలేక పల్లంలో ఆగిపోతుంది, ఎండ ఎక్కాక లేస్తుంది. మీకు తెల్లవారుజామున అంత దట్టంగా ఉండేది అందుకే. వీధి చివర చెట్టు మసకగా కనిపిస్తే మూయండి, స్పష్టంగా కనిపిస్తే అన్నీ తీసేయండి. ఇంట్లో తక్కువ వేడెక్కే గది ఒకటి చూసి కిటికీ సందులు గుడ్డలతో మూసి, పొగ ఉన్నంతసేపు అందరూ అందులోనే ఉండండి, టామీతో సహా. కిటికీకి తడి దుప్పటి కడితే చల్లగా ఉంటుంది, బూడిద ఆగుతుంది గానీ సన్నటి పొగ ఆగదు. పొగలో చెడు చేసే రేణువు తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. తువ్వాలు, చీర కొంగు, సర్జికల్ మాస్కు దాన్ని ఆపలేవు. బయటికి వెళ్తే ఎన్95 మాస్కే పెట్టుకోవాలి, ముఖానికి బిగుతుగా, రెండు తాళ్లూ తగిలించి.

కానీ ఒకటి గుర్తుంచుకోండి. మిట్టమధ్యాహ్నం రేకుల గదిలో తలుపులు మూసుకుని కూర్చుంటే పొగకంటే ముందు వడదెబ్బే కొడుతుంది. మన దగ్గర గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఉక్క భరించలేనిదైతే పొగ రాని వైపు కిటికీ తీయండి, ఒళ్లు తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. మజ్జిగ, చోడి అంబలి, లీటరు నీళ్లకి ఒక ప్యాకెట్ కలిపిన ఓఆర్‌ఎస్ పట్టించండి. ముంజలు బాబుకి నేను చెప్పక్కర్లేదు. మనిషి తికమకగా మాట్లాడితే, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీళ్లతో తడుపుతూనే 108కి ఫోన్ చేయాలి.

ఆ నొప్పి బిళ్ల సంగతి నన్ను భయపెడుతోంది. మీది ఉద్దానం పక్కన ఊరు, కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకెళ్లిందో మీకు నేను చెప్పాలా? ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకునే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీల మీద దెబ్బ వేస్తాయి, పైగా బీపీ బిళ్లలు కొన్ని వాటికి తోడైతే ఇంకా చేటు. ఉబ్బసం ఉన్న కొందరికి ఇవే ఆయాసం తెప్పిస్తాయి. వెంటనే ఆపించండి. నొప్పి ఎక్కువైతే మోతాదు మించకుండా పారాసిటమాల్ వేయొచ్చు. బీపీ బిళ్ల మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పలాస వెళ్తారు కదా, 2023 డిసెంబర్‌లో అక్కడ కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూపించండి.

ఆ పారాసిటమాల్ పిల్లికి అందకుండా దాచండి. ఒక్క బిళ్ల దాని ప్రాణం తీస్తుంది. టామీ దగ్గుకి కూడా మన బిళ్లలు, మన సిరప్‌లు పనికిరావు. కుక్కకి చెమట పాదాల్లో తప్ప పట్టదు, వగరుస్తూనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. అలా వగరుస్తూ మనకంటే ఎక్కువ పొగ లాగేస్తుంది. దాన్ని గొలుసుతో వాకిట్లో కట్టేయకండి, ఒంటికీ రెంటికీ మాత్రం బయటికి తీసుకెళ్లి తెచ్చేయండి, నీళ్లు రెండు చోట్ల పెట్టండి. నీడలో పడుకున్నా వగర్పు ఆగకపోతే, చిగుళ్లు పాలిపోతే లేదా నీలమైతే, తూలితే, మామూలు నీళ్లు పోసి గాలి తగిలేలా చేస్తూ 1962కి ఫోన్ చేయండి. అది పశువుల అంబులెన్స్ నంబరు. హడావిడిలో టామీ బాబుని కరిచినా గీరినా సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి టీకాకి తీసుకెళ్లండి. మనం పెంచిందే కదా అని ఊరుకోవద్దు.

నన్నడిగితే, పలాస వెళ్లడానికి మంట వచ్చేదాకా ఆగక్కర్లేదు. పదేళ్ల ఉబ్బసానికి ఈ పొగే చాలు. ఆవు వెళ్లిన రోజు సాయంత్రమే బయల్దేరండి. బస్సులో కుక్కతో ఇబ్బంది, ఆటో మాట్లాడుకోండి. పిల్లిని గంపలో పెట్టి పైన గుడ్డ కట్టాలి. రెండు ఇన్‌హేలర్లు, బీపీ బిళ్లలు, డాక్టరు చీటీలు, ఆరోగ్యశ్రీ కార్డు ఒక సంచిలో ఇప్పుడే పెట్టేయండి. మంట తోటల్లోకి దిగినట్టు కనిపిస్తే ఆలోచించకుండా 101కి చెప్పి కదలండి.

తిరిగొచ్చాక వాకిలి పొడిగా ఊడవకండి, బూడిద మళ్లీ లేస్తుంది. నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని ఎత్తండి. ఆవు తొట్టి కడిగి కొత్త నీళ్లు పోశాకే దాన్ని తోలుకురండి.